2జీ, 3జీ నెట్‌వర్క్‌లు ఆపేస్తే సిమ్‌తో పనిచేసే పరికరాల సంగతి ఏమిటి?

ప్రశ్న — భవన నిర్వాహకుడు

సభ్యులందరికీ నమస్కారం. ఒక కార్యాలయ భవనం నిర్వహణ బాధ్యత నాది. మా మొబైల్ ఆపరేటర్ త్వరలో 3జీ సేవలను నిలిపివేస్తున్నట్లు, ఆ తరువాత కొన్నాళ్లకు 2జీని కూడా తీసివేయబోతున్నట్లు ఒక లేఖ పంపింది. "అనుకూలం కాని పరికరాలను ముందుగానే మార్చుకోగలరు" అన్న ఒక్క వాక్యం తప్ప, ఏది అనుకూలమో ఏది కాదో తేల్చుకునే దారి అందులో ఎక్కడా లేదు.

ఫోన్ల గురించి నాకు పెద్దగా దిగులు లేదు. ఫోను పనిచేయకపోతే దాన్ని వాడే మనిషికి ఆ పూటే తెలిసిపోతుంది. నా దిగులంతా లోపల సిమ్ పెట్టుకుని గోడలకు వేలాడుతున్న పెట్టెల గురించే. మా భవనంలో లిఫ్టులో ఇరుక్కున్నవారు బటన్ నొక్కితే సహాయ కేంద్రానికి కాల్ కలిపే పరికరం ఉంది. దొంగల అలారం ప్యానెల్ ఉంది. దానికి ఇంటర్నెట్ ప్రధాన మార్గం, సిమ్ ప్రత్యామ్నాయ మార్గం. నమోదైన నంబరు నుంచి మిస్డ్ కాల్ ఇస్తే తెరుచుకునే గేటు ఉంది. విద్యుత్ వాడకాన్ని గంటకోసారి సర్వరుకు పంపే చిన్న పరికరం ఒకటి, వ్యాన్లలో ట్రాకర్లు కొన్ని ఉన్నాయి. వీటిలో దేనిమీదా 2జీ అనో 3జీ అనో రాసి లేదు. ట్రాకర్ల పెట్టె మీద మాత్రం "జీఎస్ఎం" అని ఉంది.

నా సందేహాలు ఇవి. అసలు వీటిలో ఏవి ఆగిపోతాయి, ఎలా తెలుసుకోవాలి? అలారం అమర్చిన సంస్థవారు పాత సిమ్ తీసి 4జీ సిమ్ వేస్తే సరిపోతుందంటున్నారు, అది నిజమేనా? కొత్తవి కొనాల్సి వస్తే, మళ్లీ కొద్దికాలానికే ఇదే తలనొప్పి రాకుండా ఏ రకం కొనాలి? చివరిగా, చక్కగా నడుస్తున్న నెట్‌వర్క్‌ను ఎందుకు మూసేస్తున్నట్లు?

జవాబు — తరంగదర్శి

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబు తెలిస్తే మిగతావి సులువుగా అర్థమవుతాయి.

ఏ ఆపరేటరుకైనా స్పెక్ట్రమ్, అంటే వాడుకోవడానికి దొరికే రేడియో పౌనఃపున్యాల జాగా, పరిమితమే. 3జీ వాహక తరంగం (సంకేతాన్ని మోసుకెళ్లే రేడియో తరంగం) ఒక్కొక్కటి 5 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది, అందులో సగం ఇమ్మంటే కుదరదు. వాడేవారు పదిమందే మిగిలినా ఆ 5 మెగాహెర్ట్జ్ మొత్తం కేటాయించి ఉంచాల్సిందే. అదే జాగాను 4జీకి ఇస్తే అంతకంటే ఎంతో ఎక్కువ డేటా నడుస్తుంది. 2జీ జీఎస్ఎం సంగతి వేరు. దాని వాహక తరంగం 200 కిలోహెర్ట్జ్ మాత్రమే కావడంతో, కొద్దిపాటి సన్నని చీలికలో కూడా దాన్ని బతికించి ఉంచవచ్చు. అందువల్లనే యూరప్‌లో చాలామంది ఆపరేటర్లు వయసులో చిన్నదైన 3జీని ముందు మూసేసి, 1991లో ఫిన్లాండ్‌లో మొదలైన 2జీని ఇంకా నడుపుతున్నారు. జర్మనీలో 3జీ 2021లోనే ముగిసింది, 2జీ మాత్రం ఆ తరువాతా కొనసాగింది. అమెరికాలో ఏటీ అండ్ టీ, ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా దీనికి తలకిందులుగా చేశాయి: రెండూ 2016 చివరికల్లా 2జీని ఆపేశాయి, 3జీని ఒకటి 2022 ఫిబ్రవరిలో, రెండోది 2024 అక్టోబరులో మూసివేసింది. బ్రిటన్‌లో 2033 నాటికి 2జీ, 3జీ రెండూ లేకుండా చేస్తామని ఆపరేటర్లు ప్రభుత్వానికి మాట ఇచ్చారు. కాబట్టి "3జీ పరికరం 2జీ పరికరం కంటే ఎక్కువ కాలం వస్తుంది" అన్న సాధారణ అంచనా చాలా చోట్ల తప్పు. అది మీ ఆపరేటరు ఎంచుకున్న వరుసను బట్టి ఉంటుంది.

స్పెక్ట్రమ్‌తో పాటు మరో కారణం కూడా ఉంది, దాని గురించి ఆపరేటర్ల లేఖల్లో తక్కువగా కనిపిస్తుంది. 2జీలో నెట్‌వర్క్ ఫోనును పరీక్షిస్తుంది కానీ, ఫోను నెట్‌వర్క్‌ను పరీక్షించదు. ఆ లోపం వల్లనే నకిలీ టవర్లు పెట్టి సందేశాలు పంపడం, సంభాషణలు వినడం సాధ్యమవుతోంది. ఆండ్రాయిడ్ 12 నుంచి కొన్ని ఫోన్లలో 2జీని పూర్తిగా ఆపుకునే ఏర్పాటు వచ్చింది అందుకే. దీన్ని బాగుచేయడం కుదిరే పని కాదు, మూసేయడమే మార్గం.

సిమ్ మార్పు విషయానికి వస్తే, మీ అలారం సంస్థ మాట నమ్మకండి. సిమ్ గుర్తింపు కార్డు లాంటిది. ఆ కార్డు చూపించి లోపలికి వెళ్లి మాట్లాడాల్సింది పరికరంలోని మోడెమ్, అంటే టవరుతో సంకేతాలు మార్చుకునే భాగం. ఆ మోడెమ్‌కు 2జీ భాష ఒక్కటే వస్తే, ఎంత కొత్త సిమ్ వేసినా, ఈ-సిమ్ అయినా, అది 4జీ టవరును చూడనైనా చూడలేదు. సిమ్ మార్పు పనికివచ్చే సందర్భం ఒకటుంది: మోడెమ్ 4జీదే అయి ఉండి, పాత సిమ్‌కో దాని పథకానికో 4జీ అనుమతి లేనప్పుడు. వారు ఆ సంగతి తెలిసి చెప్పారా, తోచింది చెప్పారా అన్నది మోడెమ్ మోడల్ నంబరు అడిగితే తేలిపోతుంది.

ఇంకో మాట. 2జీ, 3జీ రెండూ తెలిసిన పరికరం, 3జీ ఆగిన రోజున నిశ్శబ్దంగా 2జీకి దిగి పని కొనసాగిస్తుంది. "మాది బాగానే ఉంది" అని అందరూ నిశ్చింతగా ఉంటారు. అసలు దెబ్బ 2జీ పోయిన రోజున పడుతుంది. పైగా ఆపరేటర్లు గడువు తేదీ దాకా నెట్‌వర్క్‌ను పూర్తి బలంతో నడపరు. ముందునుంచే వాహక తరంగాలు తగ్గిస్తూ, కొన్ని బ్యాండ్లు (పౌనఃపున్యాల పట్టీలు) ఖాళీ చేస్తూ వస్తారు. నేలమాళిగలోని పరికరం గడువుకు ఎన్నో నెలల ముందే తడబడటం మొదలుపెడితే ఆశ్చర్యపోవద్దు.

జవాబు — అలారం సాంకేతికుడు

పై జవాబుతో ఏకీభవిస్తూనే, నా పనిలో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది మరొకటుందని చెప్పాలి. అది డేటా ఇబ్బంది కాదు, కాల్ ఇబ్బంది.

2జీ, 3జీలలో ఫోన్ కాల్‌కు ప్రత్యేకమైన మార్గం ఉండేది. 4జీలో అలాంటిది లేదు. మాట కూడా డేటాలాగే ప్యాకెట్లుగా వెళ్లాలి. దాన్నే వీఓఎల్‌టీఈ అంటున్నాం. 4జీ వచ్చిన తొలినాళ్లలో తయారైన ఎన్నో పరికరాలు డేటాను 4జీలో నడుపుతూ, కాల్ వచ్చినప్పుడు మాత్రం 3జీకో 2జీకో దిగి మాట్లాడేవి. పాత నెట్‌వర్క్‌లు పోయాక దిగడానికి మెట్టు ఉండదు. కనుక పెట్టె మీద "4జీ" అని పెద్ద అక్షరాలతో ఉన్న పరికరం కూడా కాల్ చేయలేకపోవచ్చు, అందుకోలేకపోవచ్చు. మీరు అడగాల్సింది పరికరం ఎన్నో తరానికి చెందినదని మాత్రమే కాదు, అది నెట్‌వర్క్ మీద ఏ పని చేస్తోందని.

ఆ లెక్కన మీ జాబితాలో ముందుగా చూడాల్సింది లిఫ్టు. మనిషి మాట వెళ్లాలి, ఆ మాట ఏ లిఫ్టు నుంచి వస్తోందో చెప్పే సంకేతమూ వెళ్లాలి. పాత లిఫ్టు డయలర్లు ఈ గుర్తింపును ఫోను మీటలు నొక్కితే వినిపించే టోన్ల రూపంలో పంపుతాయి. ఆధునిక నెట్‌వర్క్‌లు మాటను కుదించే పద్ధతి మనిషి గొంతుకు తగినట్లు రూపొందించినది కాబట్టి, ఆ టోన్లు అవతలికి చేరేసరికి వంకరపోవచ్చు. అప్పుడు కాల్ కలుస్తుంది, గొంతు వినిపిస్తుంది, కానీ సహాయ కేంద్రం తెరమీద లిఫ్టు గుర్తింపు పడదు. లోపల ఇరుక్కున్నవారు భవనం చిరునామా తెలియని సందర్శకులైతే ఏమవుతుందో ఊహించండి. కాబట్టి పరీక్ష చేసేటప్పుడు "కాల్ వెళ్లింది" అనుకుని తృప్తి పడకండి. అవతలివారిని "మీకు ఏ గుర్తింపు కనిపిస్తోంది?" అని అడిగి తెలుసుకోండి. లిఫ్టుల ఆపద కాల్‌కు సంబంధించిన యూరప్ ప్రమాణం ఈఎన్ 81-28 ప్రకారం పరికరం కనీసం మూడు రోజులకోసారి తనంతట తానే పరీక్ష కాల్ చేయాలి. మీ పరికరానికి ఆ సదుపాయం ఉంటే, ఆ కాల్స్ చేరుతున్నాయో లేదో సేవా సంస్థ రికార్డుల్లో చూడమనండి. ఎవరూ చూడని పరీక్ష కాల్ ఉన్నా లేనట్టే.

రెండోది అలారం ప్యానెల్. అందులో సిమ్ ప్రత్యామ్నాయ మార్గం కావడమే అసలు ప్రమాదం. ఇంటర్నెట్ ఉన్నంతకాలం సిమ్ మార్గం పనిచేస్తోందో లేదో ఎవరికీ తెలియదు. తీగ తెగిన రోజున, అంటే దాని అవసరం పడిన ఒకే ఒక్క రోజున, అది చచ్చిపోయి ఉందని తెలుస్తుంది. పర్యవేక్షణ కేంద్రానికి ముందుగా చెప్పి, ఇంటర్నెట్ తీగ పీకేసి, అలారం మోగించి చూడండి. కొన్ని ప్యానెళ్లు మోడెమ్ నెట్‌వర్క్ కోల్పోతే ఒక లోప సంకేతం చూపిస్తాయి. అయితే ఆ సంకేతం తరచూ వచ్చి విసిగిస్తోందని అమర్చినవారే దాన్ని ఆపేసిన ప్యానెళ్లను నేను చూశాను.

గేటు మిస్డ్ కాల్‌తో తెరుచుకుంటోందంటే అది పూర్తిగా కాల్ మీద ఆధారపడిన పరికరం. పాతదైతే ఖాయంగా ఆగిపోతుంది. దీనివల్ల ప్రాణాపాయం లేదు కానీ, ఫిర్యాదులు మాత్రం అన్నిటికంటే ముందు దీని మీదే వస్తాయి.

జవాబు — వాహన పరికరాలు

ట్రాకర్ల గురించి నేను చెబుతాను. "జీఎస్ఎం" అని మాత్రమే ఉంటే అది దాదాపు ఎప్పుడూ 2జీ పరికరమే. వాటిని బాగుచేసే మార్గం లేదు.

ట్రాకర్ ఆగిపోతే మ్యాపు మీద వాహనం మాయమవుతుందని మీరు అనుకోవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లలో అలా జరగదు, చివరిసారి అందిన చోటే బొమ్మ నిలిచి ఉంటుంది. చూసేవారికి వాహనం ఆగి ఉన్నట్లే కనిపిస్తుంది. కాబట్టి చివరి నివేదిక ఎప్పుడు వచ్చిందో చూపే గడిని తెరమీద తప్పనిసరిగా పెట్టించుకోండి. శాన్ ఫ్రాన్సిస్కోలో 2017 ఆరంభంలో సరిగ్గా ఇలాంటిదే జరిగింది. నగర బస్సులు ఎక్కడున్నాయో పంపే పరికరాల్లో చాలావాటిని మార్చకముందే ఏటీ అండ్ టీ 2జీ ఆగిపోవడంతో, బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పే సూచికలు అస్తవ్యస్తమయ్యాయి. బస్సులు నడుస్తూనే ఉన్నాయి, బోర్డులకు మాత్రం అవి కనిపించలేదు.

కార్లలో కంపెనీ అమర్చిన మోడెముల సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే కారు వయసు, మొబైల్ తరం వయసు ఒకదానితో ఒకటి పొసగవు. అమెరికాలో 2008లో అనలాగ్ నెట్‌వర్క్ ముగిసినప్పుడు కారులోంచే సహాయ కేంద్రానికి కాల్ కలిపే, జనరల్ మోటార్స్ వారి ఆన్‌స్టార్ సేవ కొన్ని పాత కార్లలో శాశ్వతంగా ఆగిపోయింది. 2022లో 3జీ పోయినప్పుడు అనేక కంపెనీల కార్లలో ప్రమాదం జరిగితే తానే కాల్ చేసే సదుపాయం అదే విధంగా పోయింది. కొన్నిటికి సాఫ్ట్‌వేర్ మార్పుతో పరిష్కారం దొరికింది, కొన్నిటికి మోడెమ్ మార్చారు, కొన్నిటిని అలాగే వదిలేశారు. యూరోపియన్ యూనియన్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త మోడల్ కార్లకు తప్పనిసరి చేసిన, ప్రమాదం జరిగితే తానే ఆపద కాల్ చేసే ఈ-కాల్ కూడా 2జీ, 3జీల కాల్ మార్గం మీదే కట్టిన వ్యవస్థ. ప్రమాదం జరిగిన చోటు, దిశ వంటి వివరాలను 140 బైట్ల మూటగా కట్టి, మాట వెళ్లే దారిలోనే శబ్దంగా మార్చి పంపుతుంది. 4జీ మీద నడిచే కొత్త రకం ఈ-కాల్ వచ్చింది కానీ, పాత రకంతో రోడ్డెక్కిన కార్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి. అక్కడ 2జీ ఇంకా నిలిచి ఉండటానికి ఈ కార్లు ఒక ముఖ్య కారణం. ఏడాదికేడాది గడువు పొడిగించుకుంటూ పోవడం కంటే, 4జీ వచ్చిన నాడే ఈ ప్రమాణాన్ని దానికి తగినట్లు రాసి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ట్రాకర్లలో సిమ్ విదేశీ రోమింగ్ సిమ్ అయితే ఒక చిన్న వెసులుబాటు ఉంటుంది. ఒక ఆపరేటరు 2జీ మూసినా, ఇంకా మూయని మరో ఆపరేటరుకు అది మారగలదు. కొన్ని నెలల ఊపిరి దొరుకుతుందంతే.

చిన్న ప్రశ్న — కొత్త సభ్యురాలు

క్షమించాలి, ఇదే సందర్భంలో ఒక మాట అడుగుతాను. మా ఇంటి రౌటరులో పేరు చివర "2జీ" అని ఒకటి, "5జీ" అని మరొకటి కనిపిస్తాయి. మా కెమెరా "2జీ" దానికే కలుస్తుంది. అది కూడా ఆగిపోతుందా?

జవాబు — తరంగదర్శి

ఆగదండీ. అక్కడ రాసి ఉన్నది వైఫై తరంగాల పౌనఃపున్యం, అంటే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొబైల్ నెట్‌వర్క్ తరాలతో దానికి ఏ సంబంధమూ లేదు. మీ రౌటరుకే ఇంటర్నెట్ సిమ్ ద్వారా వస్తుంటే తప్ప మీరు ఏమీ చేయనక్కరలేదు.

మరికొన్ని వివరాలు — భవన నిర్వాహకుడు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లు అలారం ప్యానెల్ ఇంటర్నెట్ తీగ తీసి పరీక్షించాము. అలారం సంకేతం కేంద్రానికి చేరింది, కానీ అది 2జీ మీదుగా వెళ్లిందని వారి సాంకేతికుడు చెప్పారు. లిఫ్టు పరికరంలో 3జీ మోడెమ్ ఉందని సేవా సంస్థ ఒప్పుకుంది. విద్యుత్ వాడకం పంపే పరికరం మూత తీసి చూస్తే, లోపలి లోహపు రేకు మీద "సిమ్ 800" అనే ముద్ర కనిపించింది.

ఇప్పుడు ఒక సరఫరాదారు వచ్చి, ఐదింటికీ ఎన్‌బీ-ఐఓటీ (చిన్న పరికరాల కోసం వచ్చిన ఒక మొబైల్ సాంకేతికత) మాడ్యూళ్లే వేద్దామనీ, అది సరికొత్త సాంకేతికత కనుక పదేళ్ల వరకు చూసుకోనక్కరలేదనీ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా? మరో సందేహం: కొత్తవి అమర్చాక అవి నిజంగా 4జీ మీదే ఉన్నాయని మేమే ఎలా నిర్ధారించుకోవాలి?

జవాబు — మోడెమ్ ప్రోగ్రామర్

సిమ్ 800 వరుస మాడ్యూళ్లు 2జీ మాత్రమే తెలిసినవి, వాటిని మార్చాల్సిందే. ఇంట్లో సొంతంగా పరికరాలు కట్టుకునే అభిరుచి ఉన్నవారి దగ్గర కూడా ఎక్కువగా ఉండేవి ఇవే కాబట్టి, ఈ చర్చ చదివే మరికొందరికి కూడా ఇది వర్తిస్తుంది.

ఐదింటికీ ఎన్‌బీ-ఐఓటీ అన్న సలహాను ఒప్పుకోకండి. అది చెడ్డ సాంకేతికత అని కాదు. దాని పని వేరు. మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ వారు 2016లో ఖరారు చేసిన రిలీజ్ 13 అనే కూర్పులో అది వచ్చింది. రోజుకు కొద్దిపాటి అంకెలు పంపుతూ, ఏళ్ల తరబడి ఒకే బ్యాటరీ మీద, గోతిలోనో నేలమాళిగలోనో పడి ఉండే మీటర్ల కోసం రూపొందించినది. దాని వేగం పదుల కిలోబిట్లు. అందులో కాల్ సదుపాయం లేదు, కాబట్టి లిఫ్టుకు పనికిరాదు, గేటుకు పనికిరాదు. ఒక టవరు నుంచి మరో టవరుకు మారేటప్పుడు సంబంధాన్ని తెగకుండా అందించే ఏర్పాటు లేదు, కాబట్టి వేగంగా తిరిగే వ్యాన్ల ట్రాకర్లకూ నేను దాన్ని సిఫార్సు చేయను. మీ జాబితాలో అది సరిపోయేది విద్యుత్ పరికరానికి ఒక్కదానికే. అదీ మీ ఆపరేటరు ఆ సేవను నడుపుతుంటేనే.

సరికొత్తది కాబట్టి పదేళ్లు ఉంటుందన్న మాట కూడా నిలబడదు. జపాన్‌లో ఎన్‌టీటీ డొకొమో ఎన్‌బీ-ఐఓటీని ప్రారంభించి ఏడాది తిరగకముందే 2020 మార్చిలో ఆపేసింది. అమెరికాలో ఏటీ అండ్ టీ కూడా దాన్ని ముగించాలని నిర్ణయించి, వినియోగదారులను ఎల్‌టీఈ-ఎం (చిన్న పరికరాలకు తగిన మరో 4జీ రకం) వైపు మళ్లించింది. వాటికంటే ముందు పుట్టిన మామూలు 4జీ మాత్రం రెండు చోట్లా సజావుగా నడుస్తోంది. ఒక నెట్‌వర్క్ ఎన్నాళ్లు ఉంటుందన్నది దాని మీద ఎంతమంది ఫోన్లు నడుస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. వాడుకరులు కోట్లలో ఉన్న మామూలు 4జీని ఎవరూ అంత తేలికగా ముట్టుకోలేరు.

అందుకని మీకు నేను చెప్పేది ఎల్‌టీఈ (అంటే 4జీ) క్యాట్-1 అనే తక్కువ వేగపు రకం, లేదా ఒకే యాంటెన్నాతో సరిపెట్టుకునే క్యాట్-1 బిస్ రకం. ఇవి మామూలు 4జీ టవరు ఉన్నచోటల్లా పనిచేస్తాయి, ఆపరేటరు ప్రత్యేకంగా ఏదీ ఏర్పాటు చేయనక్కరలేదు. క్యాట్-1లో దిగుమతి వేగం 10 మెగాబిట్ల దాకా ఉంటుంది, మీ అవసరాలకు అది ఎక్కువే. ఎల్‌టీఈ-ఎం కూడా మంచిదే. కదిలే వాహనాలకు సరిపోతుంది, బ్యాటరీ తక్కువ తింటుంది. కానీ అది అన్ని దేశాల్లో, అందరు ఆపరేటర్ల దగ్గర ఉండదు. మీ పరికరాలన్నీ కరెంటు మీదో వాహనం బ్యాటరీ మీదో నడుస్తున్నాయి కాబట్టి ఆ ఆదా మీకు పెద్దగా ఉపయోగపడదు.

కొనేముందు మాడ్యూల్ ఏ బ్యాండ్లలో పనిచేస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఒకే మాడ్యూల్‌ను వేరు వేరు ఖండాలకు వేరు వేరు బ్యాండ్లతో తయారుచేస్తారు, పేరు చివర ఒకటి రెండు అక్షరాలే తేడా. అమ్మకం కాక మిగిలిపోయిన సరుకు చవకగా దొరికిందని వేరే ప్రాంతపు రకాన్ని అంటగట్టేవారున్నారు. ముఖ్యంగా 1000 మెగాహెర్ట్జ్ కంటే తక్కువలో మీ ఆపరేటరు 4జీ నడిపే బ్యాండ్ ఆ జాబితాలో ఉండాలి. గోడలు దాటి నేలమాళిగ దాకా చేరేది అదే. లేకపోతే పైఅంతస్తులో పరీక్షించినప్పుడు పనిచేసిన పరికరం కింద అమర్చాక మూగబోతుంది.

నిర్ధారణ ఎలా అని అడిగారు. మోడెమ్‌కు సీరియల్ తీగ కలిపే వీలుంటే "ఏటీ+సీఓపీఎస్?" అన్న ఆదేశం పంపండి. తిరిగి వచ్చే వరుసలో ఆపరేటరు పేరు తరువాత చివర ఒక అంకె ఉంటుంది. 0 గానీ 3 గానీ అయితే 2జీ, 2 నుంచి 6 వరకు ఉన్న మిగతావి 3జీ రకాలు, 7 అయితే 4జీ. ఆ వీలు లేకపోతే ఆపరేటరు ఇచ్చే సిమ్ నిర్వహణ పేజీలో ప్రతి సిమ్ ఏ నెట్‌వర్క్ మీద ఉందో కనిపిస్తుంది. వ్యాపార ఖాతాలకు సాధారణంగా ఆ పేజీ ఇస్తారు, అడిగి తీసుకోండి. 4జీ మీద ఉందని చూసి అక్కడితో ఆగకండి. మాడ్యూల్ అమరికల్లో 4జీ మాత్రమే వాడమని బిగించి, ఒక వారం నడిపించి చూడండి. పాత నెట్‌వర్క్‌లు పోయిన తరువాత పరిస్థితి ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసిపోతుంది, తేడా వస్తే వెనక్కి తిప్పుకోవడానికి 2జీ ఇంకా ఉంటుంది.

మార్చకుండా వదిలేసిన బ్యాటరీ పరికరాలు ఎక్కడైనా మిగిలి ఉంటే, వాటి గురించి కూడా ఒక మాట. టవరు దొరకని మోడెమ్ ఊరుకోదు, వెతుకుతూనే ఉంటుంది. ఆ వెతుకులాటలో బ్యాటరీ మామూలుకంటే ఎంతో త్వరగా అయిపోతుంది. 2జీ మోడెమ్ సంకేతం పంపే క్షణాల్లో 2 ఆంపియర్ల వరకు లాగుతుంది కాబట్టి, సిగ్నల్ బలహీనపడే కొద్దీ ఈ బాధ నెట్‌వర్క్ పూర్తిగా పోకముందే మొదలవుతుంది.

జవాబు — అలారం సాంకేతికుడు

పై జవాబుకు లిఫ్టు, గేటుల విషయంలో ఒక చేర్పు. మాడ్యూల్‌కు వీఓఎల్‌టీఈ సామర్థ్యం ఉన్నంత మాత్రాన కాల్ కలవదు. చాలామంది ఆపరేటర్లు తాము పరీక్షించి ఆమోదించిన మోడళ్లకే 4జీ కాల్ అనుమతిస్తారు. జాబితాలో లేని పరికరానికి డేటా వస్తుంది, కాల్ రాదు. కాబట్టి సరఫరాదారు "ఇందులో వీఓఎల్‌టీఈ ఉంది" అంటే, "మా ఆపరేటరు ఆమోదం ఉందా?" అని అడగండి. ఆపద కాల్స్‌లో ఇంకో చిక్కు ఉంది. ఆస్ట్రేలియాలో 3జీ మూసే ముందు తేలిందేమిటంటే, మామూలు కాల్స్ 4జీలో చక్కగా చేసే కొన్ని ఫోన్లు, ఆపద నంబరుకు మాత్రం 3జీనే వాడేలా తయారై ఉన్నాయి. రోజూ మాట్లాడే ఫోనులో లోపం ఉందని వాడేవారికి తెలిసే అవకాశమే లేదు. చివరికి అలాంటి ఫోన్లను నెట్‌వర్క్‌లోకి రానివ్వకూడదని అక్కడి నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. మీ లిఫ్టు పరికరం మామూలు నంబరుకు కాల్ చేస్తోందా, ఆపద నంబరుకా అన్నది చూసుకోవాలి. ఆపద నంబరే అయితే సరదాగా పరీక్ష కాల్స్ చేయకండి. ఆ కేంద్రంతో ముందుగా మాట్లాడి సమయం తీసుకోండి.

గేటు విషయంలో కాల్ పద్ధతినే వదులుకోవడం మేలని నా సలహా. డేటా మీద యాప్ ద్వారా గానీ, కార్డు ద్వారా గానీ తెరిచే నియంత్రకం పెడితే వీఓఎల్‌టీఈ గొడవే ఉండదు. మిస్డ్ కాల్ అలవాటైనవారు కొన్నాళ్లు గొణుగుతారు. లిఫ్టుకు మాత్రం అలా కుదరదు, మాట తప్పదు. అందుకని పని వరుసలో లిఫ్టు మొదట, అలారం ప్యానెల్ తరువాత, మిగతా మూడూ మీ వీలును బట్టి పెట్టుకోండి. లిఫ్టుకు కొత్త పరికరం వచ్చిన వెంటనే పాతది తీసేయవద్దు. కొత్తదాని పరీక్ష కాల్, లిఫ్టు గుర్తింపుతో సహా, సహాయ కేంద్రం రికార్డులో కనబడిన తరువాతే పాతదాని తీగలు విప్పమని సేవా సంస్థకు రాసి ఇవ్వండి.